రెండో నిలువు గీత

ఆ గురువారం పొద్దున గ్రాఫ్ గారి కార్యక్రమం చాలా సాదాగా ఉంది. ఆరున్నరకి భార్య బరువు తూచాలి. ఆ అంకె కంప్యూటర్లో ఎక్కించాలి. ఆఫీసుకి వెళ్ళి, మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి, మూడింటికల్లా ఇంటికొచ్చి, నాలుగింటికి ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. వెళ్ళేటప్పుడు చేతిలో గ్రాఫ్ ఉండాలి. ఆ చివరిది లేకపోతే మిగతావన్నీ దండగని ఆయన నమ్మకం.

గ్రాఫ్ గారన్న పేరు ఆఫీసువాళ్ళు పెట్టింది. నీటి సరఫరా కార్యాలయంలో ముప్పై ఏళ్ళుగా ఆయన పని జలాశయాల మట్టాలని గీతలుగా గీయడం. ఏ కష్టమైనా గ్రాఫులో పెడితే సగం తగ్గిపోతుందని చెబుతూ ఉంటాడు. మిగతా సగం ఏమవుతుందని ఎవరూ అడగలేదు. భార్యకి పొట్టలో చెడ్డ జబ్బుందని తెలిసిన రోజున కూడా ఆయన ఏడవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని కొత్త స్ప్రెడ్‌షీటు తెరిచాడు. తేదీకి ఒక వరస, ఎన్ని అడుగులు నడిచిందో ఒక వరస, బరువుకి ఒక వరస.

డాక్టరు చెప్పింది ఒకటే మాట. బరువు నలభై అయిదు కిలోలకి పైన ఉన్నంతకాలం ఆవిడ ఇంట్లో ఉండొచ్చు. అంతకన్నా తగ్గితే ఆసుపత్రిలో చేరాలి, ముక్కులోంచి గొట్టం వేసి ఆహారం పంపాలి, చూడ్డానికి వచ్చేవాళ్ళకి రోజుకి ఒక గంట. ఆపరేషన్ అయినప్పుడు ఆవిడ అక్కడ ఇరవై మూడు రోజులు ఉంది. ఎదురుగోడ మీద పెచ్చూడిన చోట గుర్రం బొమ్మలా కనిపించేదట. ఇరవై మూడు రోజులూ ఆ గుర్రాన్నే చూశానని, ఇంక చచ్చినా దాని మొహం చూడనని ఇంటికొచ్చిన పూట చెప్పింది.

"కదలకు. అంకె కదులుతోంది" అన్నాడు ఆయన, తూకం మిషన్ ముందు వంగి.

"నేను కదలడం లేదు. మీ ఊపిరి తగిలి కదులుతోందేమో."

ఆవిడ ఒంటి మీద మోకాళ్ళ దాకా వచ్చే ఉన్నికోటు ఉంది. మందు ఎక్కించడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఒకటే చలి అంటోంది. ఎండలు మండిపోతున్న రోజుల్లో, పక్కనున్నవాళ్ళు విసనకర్రలు వెతుక్కుంటుంటే, ఆవిడ కోటు బొత్తాలు పెట్టుకుంటుంది. గ్రాఫ్ గారు మొదటి రోజే కోటుని విడిగా తూచి పెట్టుకున్నాడు. ఆరువందల గ్రాములు. రోజూ ఆ ఆరువందలూ తీసేసి మరీ రాస్తాడు. లెక్కంటే లెక్కే.

ఆ రోజు తీసేశాక నలభై ఏడు వచ్చింది. ముందురోజు నలభై ఏడున్నర. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆవిడ ఆయన కన్నా ముందే చూసింది. మిషన్ దిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆఫీసులో గ్రాఫ్ కుదరలేదు. నడక వేలల్లో ఉంది, బరువు పదుల్లో ఉంది. రెండింటినీ ఒకే గ్రాఫులో పెడితే నడక గీత కొండలెక్కుతూ దిగుతూ పోతోంది, బరువు గీత మాత్రం అడుగున నేలకి కరుచుకుపోయి, ఉందో లేదో తెలియడం లేదు. నెల రోజుల భార్య మొత్తం గ్రాఫు అంచు కింద మాయమైపోయింది. ఆయనకి అది అసలు నచ్చలేదు.

పక్క సీటావిడ తొంగిచూసింది. ఆ ఆఫీసులో కంప్యూటరు ఎవరికి అలిగినా ఆవిడే బుజ్జగిస్తుంది.

"ఏనుగునీ చీమనీ ఒకే కొలబద్దతో కొలిస్తే చీమ ఎక్కడ కనిపిస్తుందండీ? రెండో నిలువు గీత పెట్టండి."

"అదెక్కడుంటుంది?"

"బరువు గీత మీద కుడి క్లిక్ కొట్టండి. కిందికి వెళ్ళండి. సెకండరీ యాక్సిస్ అని ఉందా? నొక్కండి. ఇప్పుడు ఎడమ పక్క నిలువు గీత నడకకి, కుడి పక్కది బరువుకి. ఎవరి కొలత వాళ్ళది, ఎవరి గొడవ వాళ్ళది."

నొక్కాడు. చీమ లేచి నిలబడింది. నేలకి కరుచుకున్న గీత ఒక్కసారిగా గ్రాఫు నడినెత్తికెక్కి, నెలంతా అక్కడే ఠీవిగా నడిచి, చివర్లో మాత్రం నిట్టనిలువుగా కిందికి దూకింది. ఎందుకంటే ఆ కుడి నిలువు గీతకి అంకెలు కంప్యూటరే తనంతట తాను వేసుకుంది. అడుగున నలభై ఏడు, పైన నలభై ఏడున్నర. అంటే ఆ పొద్దున తగ్గిన అరకిలో, గ్రాఫు చూసేవాడికి మిద్దె మీంచి నేల మీద పడ్డంత కనిపిస్తుంది. కింది ఉద్యోగి ఎవరైనా జలాశయాన్ని ఇలా గీసుకొస్తే గ్రాఫ్ గారు కాగితం మొహాన కొట్టేవాడు. కానీ ఆ రోజు ఆయన కళ్ళకి అంకెలు కనిపించలేదు. భార్య కనిపించింది, అది చాలనుకున్నాడు.

ఆ సంతోషంలో గ్రాఫుని ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. కింద రెండు ముక్కలు రాశాడు.

"మొత్తానికి అయిపోయింది. నాలుగింటికి తీసుకెళ్తున్నాను."

తర్వాత పైఅధికారి మీటింగుకి పిలిస్తే, ఫోను నోరు నొక్కేసి సొరుగులో పడేసి వెళ్ళిపోయాడు.

తెలుగులో అయిపోయింది అనే మాటని జాగ్రత్తగా వాడాలి. అన్నం అయిపోయింది అంటే ఒకటి, పని అయిపోయింది అంటే ఒకటి. నెలల తరబడి జబ్బుతో ఉన్న మనిషి మొగుడు, నిట్టనిలువుగా పడిపోయిన గీత కింద ఆ మాట రాసి, తీసుకెళ్తున్నాను అని కూడా రాస్తే, చదివేవాళ్ళు మూడో అర్థమే తీసుకుంటారు. గ్రాఫ్ గారికి వరసగా పదిహేడు ఫోన్లు చేశారు. సొరుగు పలకలేదు. ఆవిడ ఫోనుకి మాత్రం ఒక్కరూ చెయ్యలేదు. పోయినవాళ్ళకి ఎవరు ఫోన్ చేస్తారు?

ముందుగా వచ్చింది ఆయన అక్కగారు. బస్సు దిగినప్పటి నుంచీ దాచుకున్న దుఃఖాన్ని మెట్ల దగ్గర వదిలేసింది.

"ఎంత పని చేశావే తల్లీ. ఒక్క మాటైనా చెప్పకుండా..."

తలుపు తెరుచుకుంది. కోటు వేసుకుని మరదలు నిలబడి ఉంది.

"ఏం చెప్పాలి వదినా?"

అక్కగారు గుమ్మం పట్టుకుంది. పైనించి కిందికి ఒకసారి, కిందినించి పైకి ఒకసారి చూసింది.

"మరి వాడు అయిపోయిందన్నాడు?"

"ఏమయిపోయింది?"

"నువ్వే."

ఈ ఏడుపు విని కింద దుకాణం టైలరు షట్టరు సగం దించేసి పైకొచ్చాడు. ఆవిణ్ణి చూసి, తడుముకుని, ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాడు. "అదేనమ్మా నేనూ అనుకున్నాను. నిన్న సాయంత్రమేగా నా కత్తెర తిరిగిచ్చారు. దారం తెంపుకోవాలని వారం రోజులు ఉంచుకున్నారు. అంత పెద్ద కత్తెర దారానికెందుకని నేను అడగనూ లేదు. అప్పుడు బాగానే ఉన్నారే అని..."

"ఇప్పుడూ బాగానే ఉన్నాను. కూర్చోండి, టీ పెడతాను" అంది ఆవిడ.

అలా తన పరామర్శకి వచ్చినవాళ్ళకి తనే టీ పెట్టడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి పదిమంది పోగయ్యారు. వచ్చిన ప్రతివాళ్ళూ గుమ్మంలో ఏడుపు మొదలుపెట్టడం, ఆవిడ కనిపించగానే గొంతులో ఆపుకోవడం, ఆపుకున్నదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మంచినీళ్ళు అడగడం. అక్కగారు టీలోకి అల్లం దంచుదామని చూస్తే చిన్న రోలు ఉంది గానీ దాని ఇనప రోకలి లేదు. "వంటిల్లన్నాక రోకలి లేకపోవడమేమిటే" అంటే ఆవిడ వినిపించుకోలేదు.

రెండింటికి ఆవిడ తమ్ముడు వచ్చాడు. ఆరేళ్ళయింది వాళ్ళిద్దరికీ మాటల్లేక. తల్లి పోయాక ఆ తల్లి కుట్టుమిషన్ ఎవరు తీసుకోవాలన్న దగ్గర తగువు వచ్చింది. ఇద్దరూ నాక్కావాలంటే అది వేరే తగువు. వీళ్ళు నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకున్నారు. అమ్మ వస్తువు అక్కర్లేనిదానివి అని అతను, మాట అదుపులో పెట్టుకోవడం తెలియనివాడివి అని ఈవిడ. మిషన్ అతని ఇంట్లోనే గుడ్డ కప్పుకుని ఉండిపోయింది. ఇప్పుడు రెండు చేతుల నిండా తెల్లపూలతో వచ్చి, ఎదురుగా అక్కని చూసి, అక్కడే చాపమీద కూలబడిపోయాడు.

"పూలు నాకేనా?" అందావిడ.

"నీకే అక్కా" అన్నాడు. ఇంక ఆపుకోలేకపోయాడు.

ఆవిడ ఆ పూలు తీసుకుని నీళ్ళగ్లాసులో పెట్టింది. చచ్చాక వస్తే నేను చూసేదాన్ని కాదుగా, ముందే వచ్చావు, మంచిపని చేశావు అంది. తమ్ముడు నవ్వబోయి మళ్ళీ ఏడ్చాడు. ఆదివారం మిషన్ పట్టుకొస్తానక్కా, నువ్వు వద్దంటే గుమ్మంలో పడేసి పోతాను అన్నాడు. వద్దనను, తీసుకురా అందావిడ.

మూడింటికి గ్రాఫ్ గారు, ఫోను ఆఫీసు సొరుగులోనే మరిచిపోయి, గ్రాఫు కాగితం పట్టుకుని వీధి మలుపు తిరిగాడు. టైలరు షట్టరు సగం దించి ఉంది. ఆ టైలరు పగటిపూట షట్టరు దించడం ఆయన ఇరవై ఏళ్ళలో రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ ఆ వీధిలో ఎవరో పోయారు. షట్టరు ముందు నిలబడ్డ టైలరు ఆయన్ని చూసి మెల్లిగా అన్నాడు.

"పైకెళ్ళండి సార్. అందరూ వచ్చేశారు."

మెట్లు ఇరవై రెండు. గ్రాఫ్ గారు వాటిని లెక్కపెట్టకుండా ఎక్కింది ఆ రోజే. తలుపు బయట చెప్పులు కుప్పగా పడున్నాయి. లోపల్నుంచి పూల వాసన వస్తోంది. చివరి మెట్టు మీద ఆయన ఆగిపోయాడు. పొద్దున తను ఆవిడతో చివరిగా అన్న మాట ఏమిటా అని వెతుక్కున్నాడు. కదలకు, అంకె కదులుతోంది. ఇన్నేళ్ళ కాపురంలో చివరి మాట అదా? ఒక్కసారి తల ఎత్తి ఆవిడ మొహం చూసి ఉండొచ్చు కదా, ఆ మిషన్ వైపు కాక.

అప్పుడు లోపల్నుంచి వినిపించింది. "వదినా, టీలో పంచదార మీరు వెయ్యకండి, నేను వేస్తాను. మీరేస్తే టీ చీమలు తాగాలి."

గ్రాఫ్ గారు మెట్టు మీద కూర్చుని ఏడ్చాడు. జబ్బు తెలిసినప్పుడు ఏడవనిది, ఆపరేషన్ గది బయట ఏడవనిది, ఇరవై మూడు రోజుల్లో ఒక్కరోజూ ఏడవనిది, అంతా కలిపి, ముక్కు చీదుకుంటూ, ఇంటికి మొదటిసారి వచ్చినవాడిలా చెప్పుల మధ్య కూర్చుని ఏడ్చాడు. ఆవిడ బయటికొచ్చి చూసింది.

"ఏమండీ, మీరు కూడా నా కోసమేనా?"

సంగతంతా తెలిశాక అక్కగారు గ్రాఫ్ గారిని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. డాక్టరు దగ్గరికి మేమూ వస్తాం, ఆ గీత ఎందుకు పడిపోయిందో మా ముందే చెప్పాలి అని అక్కగారూ, బావమరిదీ పట్టుబట్టారు. బయల్దేరబోతే తలుపుకి వేసే పెద్ద ఇనప తాళం దొరకలేదు.

"రోకలి లేదు, తాళం లేదు. ఇందాక నేను చేత్తో పట్టుకున్న ఉప్పు ప్యాకెట్టు లేదు. ఈ ఇంట్లో వస్తువులకి కాళ్ళొచ్చాయా?" అంది అక్కగారు.

"టైలరు చూస్తుంటాడులే వదినా, పదండి. ఆలస్యమవుతోంది" అంది ఆవిడ, కోటు బొత్తాలు పెట్టుకుంటూ.

ఆసుపత్రిలో నర్సు చాలా ఖచ్చితమైన మనిషి. చెప్పులు విప్పితే గానీ మిషన్ ఎక్కనివ్వలేదు. కోటు మాత్రం, వణుకుతున్న మనిషి ఒంటి మీంచి తియ్యమనలేకపోయింది. మిషన్ నలభై ఎనిమిది మీద వందగ్రాములు చూపించింది.

"కోటుకి ఆరువందల గ్రాములు తీసెయ్యండి" అన్నాడు గ్రాఫ్ గారు వెంటనే. నర్సు ఆయన్ని గౌరవంగా చూసి నలభై ఏడున్నర అని రాసుకుంది.

డాక్టరు గ్రాఫు తీసుకుని చూసి, కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ చూశాడు.

"ఇదెవరు గీశారు?"

"నేనేనండి."

"ఈ కుడి పక్క గీత ఎక్కడ మొదలైందో చూశారా? నలభై ఏడు దగ్గర. దాన్ని సున్నా నుంచి మొదలుపెడితే..." డాక్టరు కాగితం వెనక పెన్నుతో గీశాడు. చదునైన గీత. చీమంత వంపు కూడా లేదు. "గోరంతని కొండంత చేశారు. పొద్దున తగ్గిన అరకిలో సాయంత్రానికి వచ్చేసింది చూడండి. ఒక చెంబుడు నీళ్ళ తేడా అది. నలభై అయిదుకి పైనే ఉన్నారు కదమ్మా, హాయిగా ఇంట్లోనే ఉండండి. సోమవారం మళ్ళీ కనిపించండి."

అక్కగారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. బావమరిది బావగారి వీపు మీద చరిచాడు. గ్రాఫ్ గారు సిగ్గుపడుతూ, నవ్వుతూ, ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత చిన్న తప్పు ఎలా చేశానా అని తల కొట్టుకున్నాడు. ఆవిడ మాత్రం నవ్వలేదు. నేల వైపు చూస్తూ కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

సాయంత్రం ఆరింటికల్లా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆవిడ మంచం మీద ఒరిగి కళ్ళు మూసుకుంది. కుర్చీ మీద వేసిన కోటుని తీసి గ్రాఫ్ గారు గోడకున్న కొక్కేనికి తగిలించాడు. కొక్కెం గోడ పెచ్చుతో సహా ఊడొచ్చింది. కోటు నేల మీద ధన్‌మని పడింది. ఉన్నికోటు పడితే రావలసిన చప్పుడు కాదది.

ఆయన వంగి జేబుల్లో చెయ్యి పెట్టాడు. ఒకదాంట్లో ఇనప రోకలి. రెండోదాంట్లో తలుపు తాళం, అరకిలో ఉప్పు ప్యాకెట్టు. తర్వాత, అలవాటు కొద్దీ, ఆ మూడింటినీ తీసుకెళ్ళి తూకం మిషన్ మీద పెట్టాడు. మూడు కిలోలు.

నలభై ఏడున్నరలోంచి మూడు తీసేస్తే ఎంతో ఆయనకి కంప్యూటరు చెప్పక్కర్లేదు. గుమ్మంలో అలికిడయింది. కోటు లేకుండా ఆవిడ ఎంత సన్నగా ఉందో అప్పుడు చూశాడు. నెల రోజులు రోజూ తూచాడు గానీ చూడలేదు.

"ఎప్పటి నుంచి?" అన్నాడు.

"నెలయింది. మొదట చెంచాలు పెట్టాను. చప్పుడవుతున్నాయని రోకలికి మార్చాను. చాలనప్పుడు తాళం. తర్వాత టైలరు కత్తెర. అది నిన్న అడిగి తీసుకుపోయాడు. పొద్దున కాళ్ళాడలేదు నాకు. మధ్యాహ్నం ఉప్పు దొరికింది."

"నన్ను మోసం చేశావు."

"మిమ్మల్ని కాదు. ఆ నలభై అయిదుని."

ఆయనకి కోపం వచ్చింది, అది నోటిదాకా వచ్చేసరికి భయంగా మారిపోయింది.

"ఆ గుర్రం ఎదురుగా పడుకుని రోజుకో గంట మీ మొహం చూడమంటారా?" అంది ఆవిడ, కుర్చీలో మెల్లిగా కూర్చుంటూ. "ఇక్కడైతే మీరు నసుగుతూ అటూ ఇటూ తిరుగుతుంటారు. నాకది కావాలి. నాకు తెలుసండీ, ఎన్నాళ్ళో దాచలేనని. ఆదివారం తమ్ముడు అమ్మ మిషన్ తెస్తానన్నాడు. ఒక్కసారి దాని ముందు కూర్చుని ఒక దిండుగలీబు కుడతాను. సోమవారం మీరే చెప్పేయండి డాక్టరుకి. నేనేం అనను."

గ్రాఫ్ గారు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆవిణ్ణి అడిగి, ఏ రోజున జేబులో ఏం చేరిందో రాసుకుని, నెలంతటికీ లెక్క వేశాడు. ఎడమ పక్క నిలువు గీతకి ఆవిడ బరువు. కుడి పక్కదానికి కోటు జేబుల బరువు. రెండు నిలువు గీతలకీ అడుగున సున్నా తనే చేత్తో పెట్టాడు, కంప్యూటరుకి వదల్లేదు. ఒక గీత నిదానంగా దిగుతోంది, ఒకటి నిదానంగా ఎక్కుతోంది. కొండలూ లేవు, లోయలూ లేవు. చాలా సరైన గ్రాఫ్ అది. ప్రింటు తీసి నాలుగు మడతలు పెట్టి, సోమవారానికని చొక్కా జేబులో దాచుకున్నాడు. కష్టం సగం తగ్గలేదు.

మర్నాడు పొద్దున ఆరున్నరకి ఆవిడ మామూలు చీరలో, వట్టి చేతులతో వచ్చి మిషన్ ముందు నిలబడింది. ఎక్కమంటారా అన్నట్టు ఆయన వైపు చూసింది. కిటికీలోంచి అప్పటికే ఎండ చుర్రున లోపలికి వస్తోంది. ఆయన మెడ మీద చెమట పట్టింది.

"కోటు వేసుకో" అన్నాడు. "చలిగా ఉంది."

ఆవిడ వెళ్ళి కోటు తొడుక్కుంది. ఆయన రోకలి తీసి ఎడమ జేబులో, తాళం, ఉప్పు తీసి కుడి జేబులో తనే వేసి, పడిపోకుండా ఆవిడ మోచెయ్యి పట్టుకుని మిషన్ ఎక్కించాడు. ఈసారి అంకె వైపు కాక ఆవిడ మొహం వైపే చూశాడు, అంకె ఆవిడే చదివి చెప్పింది.

గ్రాఫ్ గారు కోటు బరువు ఆరువందల గ్రాములు నిజాయితీగా తీసేసి, నలభై ఏడున్నర అని రాసుకున్నాడు.